వాకౌట్‌ను బాయ్‌కాట్ అనకండి

సంపాదకులకు నమస్కారం.

మా మున్సిపల్ సమావేశంలో ప్రతిపక్ష సభ్యులు నినాదాలు చేస్తూ బయటికొచ్చారు. టీ తాగి, మళ్ళీ లోపలికెళ్ళి, తర్వాతి తీర్మానం మీద ఓటు కూడా వేశారు. మీ జిల్లా పేజీలో మాత్రం ‘సమావేశం బాయ్‌కాట్’ అని హెడ్డింగ్. అది వాకౌట్ అండీ. ఇక నచ్చని సినిమా టికెట్ కొనకపోవడం కూడా బాయ్‌కాటే అయిపోయింది, ఆ సంగతి వదిలేద్దాం.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. సైమన్ కమిషన్ పాఠం దగ్గర ‘బాయ్‌కాట్ అంటే అబ్బాయిల మంచమా మేడమ్?’ అని ఏటా ఎవడో ఒకడు అడుగుతాడు, క్లాసంతా నవ్వుతుంది. అది ఒక మనిషి ఇంటిపేరంటే మాత్రం నమ్మరు.

చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటు. మన జమీందారీ రోజుల్లో అయితే దివాను అనేవాళ్ళమేమో. పంటలు దెబ్బతిన్నాయి, కౌలు నాలుగో వంతు తగ్గించండని రైతులు అడిగారు. అంత తగ్గించేది లేదన్నారు. 1880 సెప్టెంబరులో బాయ్‌కాట్ ఖాళీ చేయించే నోటీసులు పంపాడు. సరిగ్గా అప్పుడే పార్నెల్ అనే నాయకుడు ఎన్నిస్ సభలో, ఒకరిని వెళ్ళగొట్టిన పొలాన్ని కౌలుకు తీసుకున్నవాడితో దారిలో, కొట్లో, సంతలో, చర్చిలో ఎక్కడా మాట్లాడొద్దని చెప్పి ఉన్నాడు. రైతులు దాన్ని ఏజెంటు మీదే ప్రయోగించారు. కూలీలు పని మానేశారు, బట్టలు ఉతికే ఆమె రానంది, పక్క ఊరి కొట్లవాళ్ళు సరుకులివ్వలేదు. ఆయన తన గోడు వెళ్ళబోసుకుంటూ లండన్ ‘టైమ్స్’ సంపాదకుడికి లేఖ రాశాడు (నాలాగే!). దాంతో ఊరి గొడవ కాస్తా దేశం గొడవైంది. చివరికి వేరే కౌంటీల నుంచి 50 మందిని రప్పించి, వాళ్ళకు సైన్యాన్ని కాపలా పెట్టి, దాదాపు 500 పౌన్ల విలువైన పంట ఇంటికి చేర్చడానికి 10,000 పౌన్ల దాకా తగలేశారు. డిసెంబరుకల్లా బాయ్‌కాట్ ఊరు వదిలిపోయాడు.

రెడ్‌పాత్ అనే అమెరికా విలేకరి రాసినదాన్ని బట్టి, ‘ఆస్ట్రసైజ్’ (అందరూ కలిసి ఒకరిని దూరం పెట్టడం) లాంటి పెద్ద మాట రైతులకు ఎక్కదని, బాయ్‌కాట్ పేరునే వాడదామన్నది ఓమాలీ అనే అక్కడి ఫాదర్.

హెడ్డింగు సంగతి సరే, నాకు అసలు మింగుడుపడనిది మీ లోపలి పేజీలో వచ్చిన నాలుగు లైన్ల వార్త. ఒక ఊళ్ళో కొన్ని దళిత కుటుంబాలకు కిరాణా ఇవ్వడం లేదు, కూలికి పిలవడం లేదు. దానికి మీరు పెట్టిన పేరు ‘సోషల్ బాయ్‌కాట్’. మేయోలో పొలం లేనివాళ్ళు ఒక్కటై, తమను వెళ్ళగొట్టగలిగినవాడికి ఎదురు నిలిచారు. ఇక్కడ పొలం ఉన్నవాళ్ళు ఒక్కటై లేనివాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తున్నారు. రెండింటికీ ఒకే పేరా? మన ఊళ్ళలో దీన్ని వెలి అంటారు. 1991లో చుండూరు హత్యలకు ముందు కూడా దళితులను పనుల్లోకి రానివ్వకుండా ఇలాగే వెలి వేశారు.

2015 సవరణతో ఎస్సీ, ఎస్టీలను సామాజికంగా, ఆర్థికంగా బహిష్కరించడం, కనీసం అలా చేస్తామని బెదిరించడం కూడా అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమైంది. మీ వార్తలో ఆ ముక్క లేదు. ఈసారి రాసేటప్పుడు వెలి అనే రాయండి. సరుకులు ఎవరు ఆపారో, పోలీసులు ఏ సెక్షన్ కింద కేసు పెట్టారో, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో కూడా అడిగి రాయండి.

– ఒక సోషల్ టీచర్, తెనాలి