ఆ రాత్రి డ్యూటీ సిస్టర్‌కు

చెల్లి సరేనంటేనే ఈ కృతజ్ఞతలు రాస్తున్నాను. తొమ్మిదో నెలలో తను డిప్రెషన్ మాత్రలు మోతాదుకు మించి మింగింది. ఐసీయూలో తన గుండెకో మానిటర్, బిడ్డ గుండె చప్పుడు కోసం పొట్టకో బెల్టు. తల్లి గట్టెక్కితేనే బిడ్డ గట్టెక్కుతుందని డాక్టర్లు ముందు తనను చూశారు. ఆ తర్వాత కాన్పయి, పాపను ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో పెట్టారు.

పాపకు కాళ్లూ చేతులూ ఒకటే వణుకు. సన్నటి ఏడుపు, ఆయాసం, పాలు పట్టదు. ఫిట్స్ అనుకుని నేను వణికిపోతుంటే, సిస్టర్ నా చేతిని పాప కాలి మీద పెట్టించి, "మెల్లగా మడిచి పట్టుకోండి. ఆగింది కదా? ఫిట్స్ అయితే ఇలా ఆగవు" అన్నారు. షుగర్, కాల్షియం కూడా చూశామని, కడుపులో ఉండగా అందిన మందు వల్ల వచ్చే ఇలాంటి వణుకు ఎక్కువగా రెండు వారాల్లోపే తగ్గుతుందని ఓపిగ్గా చెప్పారు.

చెల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నేను ముట్టుకోను" అంది. అందరికీ తను 'మాత్రల కేసు'. ఆవిడ మాత్రం పేరు అడిగి, పేరుతోనే పిలిచారు. లైటు తగ్గించి, పాపను చెల్లి గుండెల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. "పాపకు ఇదీ వైద్యమే తల్లీ" అన్నారు. కాసేపటికి ఏడుపు తగ్గింది. నాకు మాత్రం ఆగలేదు.

అమ్మ, నాన్న, మరిదికి కృతజ్ఞతలు అక్కర్లేదు, వాళ్లు మనవాళ్లు. ఆ సిస్టర్‌కు మాత్రం చెప్పాలి.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. నెలనెలా బీపీ, బరువు, షుగర్ చూశారు. మనసెలా ఉందని ఒక్కరూ అడగలేదు. డిప్రెషన్ లక్షణాలను పట్టుకునే పది ప్రశ్నల ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచీ ఉంది, గర్భిణులకూ వాడతారు. కాన్పుల డాక్టర్ డిప్రెషన్ మందులు ఒక్కసారిగా మాన్పించారు, ఆ సంగతి సైకియాట్రిస్టుకు తెలియనే తెలియదు. జబ్బు తిరగబెట్టాక మళ్లీ మొదలుపెట్టారు. ఇద్దరూ ఒక్కసారి ఫోన్లో మాట్లాడుకుని ఉంటే! ఇప్పుడు సైకియాట్రిస్టు చూసి ఇచ్చిన మందే వాడుతోంది, మాత్రలు మా దగ్గరే ఉంటాయి. పాప పాలు తాగుతోంది.

అయ్యో, అంబులెన్స్ డ్రైవర్ గారిని మర్చిపోయాను, దండాలు. ల్యాబ్ అబ్బాయికి కూడా. ఐసీయూ బయట తన చార్జర్ నాకిచ్చి వెళ్లిపోయిన పెద్దావిడకు కూడా, అది ఇంకా నా దగ్గరే ఉంది.