ఆచే (ఇండోనేసియా) గంపొంగ్ (ఊరి) రైతు సంఘం వార్షిక నివేదిక (2024 సెప్టెంబరు – 2025 సెప్టెంబరు)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.

మన ఊరి పెద్ద కెచిక్ గారికి, ఊరి సభ తుహా పెత్ పెద్దలకు, మెనసా (ఊరంతా నమాజుకూ మాటలకూ కూడే ఇల్లు) ఇమామ్ తెంగ్కు గారికి, నీటి పెద్ద కెజ్రున్ బ్లాంగ్ తాతకు, సంఘంలోని అక్కలకు, అన్నలకు, కౌలాలంపూర్ దుకాణాల్లో బేరాలు చూసుకుంటూ ఫోనులో వింటున్న మన పిల్లలకు అస్సలాము అలైకుం.

లెక్క ఒప్పజెప్పకుండా కొత్త కందూరి (సేద్యానికి ముందు చేసే పొలం విందు) తేదీ పెట్టకూడదని మన కట్టుబాటు. అందుకే ఇషా నమాజు కాగానే మెనసాలో ఇలా కూర్చున్నాం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ ఏడు చేసిన పనుల్లో శివారు కాలువ పని అన్నిటికన్నా పెద్దది కాబట్టి దాన్నే ముందు చదువుతాను.

శివారు కాలువ

మన 84 కుటుంబాల్లో 31 కుటుంబాల పొలాలు శివారులో ఉన్నాయి. క్రుంగ్ బారో నది నీళ్ళు ఎగువ మడులు తడిపి, రోడ్డు కింద తూములోంచి దూరి, అక్కడికి చేరాలి. రెండేళ్ళుగా ఆ తూము పూడిపోయింది. 2024 వేసవి పంట శివారులో అసలు వెయ్యనే లేదు. బీటలు పడ్డ మడుల్లో పశువులు తిరిగాయి.

సర్కారు కార్యాలయం వాళ్ళకు నాలుగు అర్జీలు పెట్టాం. కెచిక్ గారు, నేను కాళ్ళరిగేలా తిరిగాం. రెండుసార్లు వచ్చి టేపు పెట్టి కొలిచారు, ఎర్ర రంగు పూసిన కర్రలు పాతి వెళ్ళారు. ఆ కర్రలు రంగు వెలిసి ఇంకా అక్కడే ఉన్నాయి. నవంబరు 27 ఎన్నికలకు ముందు ఓట్లు అడగడానికి వచ్చినవాళ్ళు మన పారలు చేతపట్టి, గట్టు మీద నిలబడి ఫొటోలు దిగారు. కాలువ పని తమదేనని మాట ఇచ్చారు. ఓట్లయ్యాక వాళ్ళలో ఒక్కరూ ఇటు తొంగి చూడలేదు. ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. జరిగింది పుస్తకంలో ఉండాలని రాస్తున్నాను.

శుక్రవారం పొలంలో దిగకూడదన్నది మన కట్టు. మిగతా రోజుల్లో ఎవరి పని వాళ్ళది. అందుకని గురువారాలు సంఘం పనికి పెట్టుకున్నాం. సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు నాలుగో వారం దాకా ఆరు గురువారాలు మెసరాయ (ఊరంతా కలిసి చేసే పని) నడిచింది. మొదటి గురువారం 61 మంది వచ్చారు, నాలుగో గురువారం 14 మంది. కాఫీ కొట్టు కాలువకు ఎదురుగానే ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు మేము కనిపిస్తూనే ఉన్నాం, మాకూ వాళ్ళు కనిపించారు. కొందరు మనిషికి బదులు యాభై వేల రూపియా పంపి చేతులు దులుపుకున్నారు. ఆ డబ్బు పద్దులో రాశాం, కృతజ్ఞతలూ చెప్పాం. కానీ మోకాలి లోతు బురదలో తట్ట అందుకోవడానికి మనిషి కావాలి. వచ్చిన ఆ 14 మందిలో తొమ్మిది మంది ఎగువ రైతులు. వాళ్ళ మడులకు నీళ్ళకు కొదవలేదు, అయినా వచ్చారు. శివారులో పొలం ఉండి కూడా రానివాళ్ళు ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

అయిదో గురువారం తూము దగ్గరే ఆగిపోయాం. పెద్దవాళ్ళెవరూ పట్టనంత ఇరుకు అది. మన దయాలో (మతబడిలో) చదువుకునే పదిహేడేళ్ళ కుర్రాడు తానే ముందుకొచ్చి, నడుముకు తాడు కట్టించుకుని లోపలికి పాకాడు. కొబ్బరి చిప్పతో బురద గోకి చిన్న బకెట్టులో నింపి తాడు లాగేవాడు. మేము బకెట్టు లాగి, ఖాళీ చేసి, తిరిగి లోపలికి తోసేవాళ్ళం. మధ్యాహ్నం జుహర్ బాంగు దాకా అదే పని. చివర్లో కుళ్ళిన వక్కచెట్టు మొద్దు ఒకటి, దానికి చుట్టుకున్న ఎరువుల సంచులు బయటపడ్డాయి. కుర్రాడు బయటికొచ్చేసరికి కళ్ళు తప్ప ఒళ్ళంతా నల్లగా ఉంది. వాళ్ళమ్మ అక్కడే గట్టు మీద నిలబడి, కడవతో తల మీద నీళ్ళు పోసింది. ఆ తల్లికీ బిడ్డకూ సంఘం రుణపడి ఉంది. వచ్చే యేటి చదువు ఖర్చుకు సంఘం సాయం చెయ్యాలని కార్యవర్గం తీర్మానం రాసి ఉంచింది. దాన్ని ఈ రాత్రి ఆమోదించమని కోరుతున్నాను.

కందూరి

అక్టోబరు చివరి గురువారం కందూరి బ్లాంగ్ చేశాం. ఈసారి ఎగువ తూము దగ్గర కాక శివారు గట్టు మీద పొయ్యిలు పెట్టాలని కెజ్రున్ తాత అన్నాడు. నాలుగు మేకలు కోశాం. మగవాళ్ళంతా కలిసి రెండు పెద్ద కొప్పెర్లలో కువా బెలంగోంగ్ (మాంసం పులుసు) వండారు. లేత పనస, ఎండుమిర్చి, వేయించి నూరిన కొబ్బరి, ధనియాల వాసన రోడ్డు దాకా వచ్చింది. ఖురాన్‌లోని యాసీన్ చదివారు, దువా అయ్యింది, ముందుగా తల్లిదండ్రులు లేని పిల్లలకు వడ్డించాం. విత్తన వడ్లకు పెసిజుక్ (నీళ్ళు చిలకరించి దీవించడం) చేసింది మన ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ. ఆకుల కట్టను బియ్యప్పిండి నీళ్ళలో ముంచి మూటల మీద చిలకరిస్తుంటే ఆమె చెయ్యి వణికింది. ఆవిడ పొలం ఆఖరి మడి.

శనివారం పొద్దున తూము తలుపు ఎత్తారు. మధ్యాహ్నానికి నీళ్ళు రోడ్డు దాటాయి. గడ్డిపోచలు, చీమలు, ఎండుటాకులు ముందు తోసుకుంటూ, నురగ కట్టి, మనిషి నడిచినంత నెమ్మదిగా కదిలాయి. బీటల్లోకి దిగుతుంటే బుడబుడమని చప్పుడు. పిల్లలు నీళ్ళ ముందు నడుస్తూ ఆఖరి మడి దాకా వచ్చారు. సాయంత్రం అస్రు నమాజు వేళకు నీళ్ళు అక్కడికి చేరాయి. పెద్దావిడ మడిలో దిగి పాదాలు మునిగేదాకా అలాగే నిలబడింది.

ఆ రాత్రి నీటి వంతు కాస్తూ గట్టు మీద కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన చెప్పిన మాట ఇక్కడ రాయాలి. 1989 నుంచి 1998 దాకా సైన్యం పెత్తనం నడిచిన రోజుల్లో చీకటి పడితే ఎవరూ కాలువ గట్టు తొక్కేవాళ్ళు కాదట. రాత్రి వంతు వచ్చిన పొలం ఎండాల్సిందే. లాంతరు పట్టుకుని వెళ్ళినవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. 2005 ఆగస్టు 15న హెల్సింకిలో ప్రభుత్వానికీ ఆచే తిరుగుబాటుదారులకూ శాంతి ఒప్పందం అయ్యాకే తాను మళ్ళీ రాత్రి నీళ్ళకు వెళ్ళానన్నాడు. ఇవాళ మన పిల్లలు ఫోను దీపం వేసుకుని గట్టు మీద పాటలు పాడుకుంటున్నారు.

పంట

నారు ఎప్పుడు పొయ్యాలన్న దాని మీద మెనసాలో మూడు రాత్రులు మాటలు నడిచాయి. కెనూనొంగ్ (మన సేద్యపు పంచాంగం) లెక్క పిల్లలకు తెలియడం లేదు కాబట్టి రెండు ముక్కలు రాస్తాను. చంద్రుడు తేలు చుక్కలను (వృశ్చిక రాశిని) కలిసే తిథిని బట్టి నెలకో అంకె ఉంటుంది. జనవరికి 23, ఆ తర్వాత నెలనెలా రెండేసి తగ్గుతూ అక్టోబరుకు 5, నవంబరుకు 3, డిసెంబరుకు 1. అయిదులో నారు పొయ్యాలని తాత పట్టు. కాలువ పని పూర్తయ్యేసరికి అయిదు దాటిపోయింది. చివరికి మూడులో పోద్దామని, అయితే ఎగువా దిగువా అందరూ ఒకే వారంలో పొయ్యాలని ఒప్పుకున్నాడు. వ్యవసాయ సలహాదారు అమ్మాయి కూడా అదే చెప్పింది. నాట్లు ఒకేసారి పడితే ఎలుకలకు ఒక మడి నుంచి ఇంకో మడికి మేత దొరకదు. అలాగే జరిగింది. కంపునల్లి మాత్రం కొంచెం దెబ్బకొట్టింది. పైరు తినే బంగారు నత్తలు ఏరడానికి బడిపిల్లలు వచ్చారు, వాళ్ళకూ మన కృతజ్ఞతలు.

నాట్లు మన అక్కలే బదుళ్ళ మీద వేశారు. వాళ్ళు లేకపోతే ఈ ఊళ్ళో పంట లేదు. కోతలు రంజాన్‌లో పడ్డాయి. ఉపవాసంతో కొడవలి పట్టలేక చాలామంది కోత యంత్రం పిలిచారు. యంత్రం దిగబడే శివారు మడుల్లో మాత్రం చేత్తోనే కోశారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వం పచ్చి వడ్లకు కిలో 6,500 రూపియా ధర కట్టడం మనకు కలిసొచ్చింది. దళారులు కూడా అంతకు బాగా తక్కువ అడగలేకపోయారు. అయితే కోతకు ముందే అప్పు తీసుకున్నవాళ్ళకు ఆ ధర దక్కలేదు. దీని మీద సంఘం ఆలోచించాలి.

వేసవి పంటకు శివారులో సగం మడులకే నీళ్ళు అందాయి. ఎగువన కొందరు రాత్రిపూట వంతు తప్పించారు. కెజ్రున్ తాత వాళ్ళను పిలిచి మాట్లాడాడు, అక్కడితో సరిపెట్టాం. ఈసారి అలా వదలం.

సబ్సిడీ ఎరువుల పట్టికలో మన సభ్యులు ఏడుగురి పేర్లు రాలేదు. గుర్తింపు కార్డు అంకె తప్పు పడిందట. యూరియా కిలో 2,250 రూపియాకు దొరకాల్సింది, వాళ్ళు బయట ఎంత చెబితే అంత పెట్టి కొన్నారు. దిద్దించడానికి మూడుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ పై నెల రమ్మన్నారు. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, నేను వదిలిపెట్టను.

తాకట్టు పొలాలు

బంగారం లెక్కన తాకట్టు పెట్టిన పొలాల సంగతి అడగకపోయినా చెప్పాలి. పదేళ్ళ కింద పది మయాలకు (మయం అంటే సుమారు 3.3 గ్రాముల బంగారం) పొలం ఇచ్చినవాళ్ళు ఇప్పుడు పది మయాల బంగారమే తిరిగి ఇవ్వాలి. మయం ధర ఈ ఏడు యాభై లక్షల రూపియా దాటింది. వాళ్ళు తమ పొలంలోనే పాలుకు చేసుకుంటున్నారు. తెంగ్కు గారు, తుహా పెత్ పెద్దలు కూర్చుని రెండు పొలాల విషయంలో ఇరుపక్కలనూ ఒప్పించి కొంత బంగారం తగ్గించారు. బంగారం వదులుకున్న ఆ ఇద్దరికీ అల్లా ప్రతిఫలం ఇవ్వాలి. ఇంకా అయిదు పొలాలు మిగిలి ఉన్నాయి.

ఇతర పనులు

రంజాన్ ముందు మెగాంగ్‌కు (ఇంటింటా మాంసం వండుకునే రోజు) సంఘం తరఫున ఒక దున్నను కోసి భర్త లేని ఆడవాళ్ళకు, పిల్లలకు మాంసం పంచాం. బజారులో కిలో లక్షన్నరకు పైగా పలికిన రోజది. మెగాంగ్ నాడు మాంసం వాసన రాని ఇల్లు ఊళ్ళో ఉండకూడదు. దున్న ఖర్చులో ముప్పాతిక మలేసియాలోని మన పిల్లలే పంపారు. ఒక్కొక్కరి పేరు మెనసా గోడ మీద రాశాం.

ములింగ్ (ఒక చెట్టు గింజ) అప్పడాల అక్కలు పన్నెండు మంది కలిసి ఒకే చోట కూర్చుంటున్నారు. ఇసుకలో వేయించిన గింజ వేడి చల్లారకముందే పెంకు వలిచి, రాతి మీద పెట్టి సుత్తితో ఒకటి రెండు దెబ్బల్లో గాజు పలకలా సాగదీస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే గింజ విరుగుతుంది. వాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది ఆ పని ఎంతటిదో. ధర మాత్రం కొనేవాడు చెప్పిందే. వాళ్ళకు తూకం కాటా కొనిచ్చాం. ఇకనైనా తూకంలో మోసపోరు.

జమాఖర్చులు

కోతల తర్వాత నాలే (మన పొలం కొలత) పొలానికి ఇంతని వడ్లు వసూలయ్యాయి, కెజ్రున్ తాత పాలు ముందుగా ఇచ్చేశాం. చందాలు, వడ్లు అమ్మిన డబ్బు, బయటినుంచి వచ్చింది కలిపి ఒకవైపు, కందూరి, కాలువ, మెగాంగ్, కాటా ఖర్చు ఇంకోవైపు పోతే పెద్దగా మిగల్లేదు, అప్పూ లేదు. పదకొండు కుటుంబాల బాకీ ఉంది. పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, శుక్రవారం నమాజు తర్వాత ఎవరైనా చూడవచ్చు. తుహా పెత్ పెద్దలు ఇద్దరు చూసి సంతకం పెట్టారు.

కృతజ్ఞతలు

కొప్పెర్లు ఇచ్చిన పక్క గంపొంగ్ వాళ్ళకు, పనిరోజుల్లో కాఫీ, ఉడికించిన కర్రపెండలం పంపిన అక్కలకు, దువా చదివిన తెంగ్కు గారికి, మట్టి తరలించడానికి చిన్న ట్రక్కు డీజిలు ఖర్చుకే ఇచ్చిన తమ్ముడికి, కుర్చీలు మోసిన కుర్రాళ్ళకు, నడుము నొప్పితో కూడా ఆరు గురువారాలూ గట్టు మీద నిలబడి పని చూపించిన కెజ్రున్ తాతకు సంఘం తరఫున, నా తరఫున దండాలు. ఈ ఏడు మనల్ని విడిచి వెళ్ళిన ముగ్గురు సభ్యుల కోసం నివేదిక అయ్యాక అల్ఫాతిహా చదువుదాం.

వచ్చే ఏడాదికి

తూము మళ్ళీ పూడటం మొదలైంది. నిన్న చూశాను, జానెడు మేటు వేసింది. వచ్చే గురువారం ఫజ్ర్ నమాజు అయిన వెంటనే రోడ్డు పక్క తూము దగ్గర కలుద్దాం. ఈసారి ఇంటికి ఒక మనిషి తప్పనిసరి, డబ్బు తీసుకోం. పారలు సంఘం దగ్గర ఇరవై ఉన్నాయి, తట్టలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. కందూరి తేదీ తాత ఇప్పుడు చెప్తాడు.

వస్సలాము అలైకుం.

కార్యదర్శి