సరూ, ముందు నీ ట్యూబు సంగతి చెప్పు

హనుమకొండ,
ఆదివారం పొద్దుగాల

సరూ,

ఎట్లున్నవే? దసరాకు నువ్వు రాసిన ఉత్తరం అందింది. జవాబు ఇంత ఆలస్యమైనందుకు కోపం జేసుకోకు, ఎందుకైందో చదివితే నీకే అర్థమైతది. మా అత్తమ్మ మోకాళ్లు ఇప్పుడు నయం, మెట్లెక్కుతున్నది. చిన్నోడు ఇంటర్ల చేరిండు. ఇల్లు మారలే, అదే బాలసముద్రం. కాజీపేట టేషన్ల మన "మూడో చాయ్" మనిషి మొన్న కనపడ్డడు, నిన్ను అడిగిండు! మిగిలినయన్నీ తర్వాత.

మా అక్క బిడ్డ చిన్ని లేదూ, పరకాల పిల్ల, నీ పెండ్లిల పొద్దంతా నీ కొంగు పట్టుకొని తిరిగింది. ఆ పిల్ల కిడ్నీలు దెబ్బతిన్నయే. బుగులు పడకు, ఇప్పుడు కోలుకుంటున్నది. కానీ దేనితోని దెబ్బతిన్నయో తెలుసా? ముఖానికి రాసుకున్న క్రీముతోని.

మొదలు కాళ్లు ఉబ్బినయి. చీరల దుకాణంల పొద్దంతా నిలబడే పని కదా, అందుకే అనుకున్నరు. తర్వాత పొద్దుగాల లేస్తే కండ్ల రెప్పలు ఉబ్బి ఉంటున్నయి. రాత్రుళ్లు నిద్ర లేదు, ఊకె చిరాకు, ఎవరేమన్నా ఏడుపు. పెండ్లి ముందర ఆడపిల్ల, మనసు బాగలేదేమో అని అక్క ఊకున్నది. దగ్గర్ల చూపిస్తే ఉప్పు తగ్గించుమన్నరు. ఆఖరుకు మూత్రం నురుగు నురుగు పోతుందని పిల్లే చెప్పింది. పరీక్ష చేస్తే ప్రొటీన్ మస్తు పోతున్నది. షుగర్ లేదు, బీపీ లేదు. ఇరవై రెండేండ్ల పిల్లకు ఇదేందని అందరం పరేషాన్.

హనుమకొండల కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీస్కపోయిన. ఆమె రిపోర్టులు చూసింది, పిల్ల ముఖం చూసింది, మళ్ల రిపోర్టులు చూసింది. "ముఖానికి ఏం రాస్తున్నవమ్మా?" అన్నది. కాళ్ల వాపుకు వస్తే ముఖం సంగతి ఎందుకని అక్క నా దిక్కు చూసింది. చిన్ని తల వంచుకున్నది. కొద్దిసేపటికి బ్యాగుల నుంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పార్లర్ల ఇచ్చిండ్రట. కంపెనీ పేరు లేదు, చిరునామా లేదు, లోపల ఏమేం కలిపిండ్రో లేదు. ఒక్క ముక్క మాత్రం ఇంగ్లీషుల ఉంది: బంగారం, వెండి తగలనీయొద్దని. డాక్టరమ్మ ఆ ముక్క మీద వేలు పెట్టి, "పాదరసం ఉన్న క్రీముల మీద ఇట్లనే రాస్తరు" అన్నది. నా ఒళ్లు జల్లుమన్నదే సరూ.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుగావాలంటే ఒక ఎంజైమ్ పని చెయ్యాలట. పాదరసం దాన్ని ఆపుతది. అందుకే తొందరగ తెల్లగైనట్టు కనపడతది. కానీ అది చర్మం మీదనే ఉండదు, లోపలికి ఇంకి, నెత్తుర్ల కలిసి, కిడ్నీల చేరతది. కిడ్నీ జల్లెడ లెక్క, ప్రొటీన్‌ను ఆపి మలినాన్ని పంపాలె. ఆ జల్లెడ పాడైతే ప్రొటీన్ బయటికి పోతది, ఒంటికి నీరు పడతది. నిద్ర పట్టకపోవుడు, చిరాకు, చేతులు వణుకుడు గూడ పాదరసంతోనే వస్తయట. మేం పెండ్లి దిగులనుకున్నది గూడ అదే కావచ్చునన్నది.

రక్తంల, మూత్రంల పాదరసం తేలింది. సూదితోని కిడ్నీ ముక్క తీసి చూసిండ్రు. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అట, అంటే ఆ జల్లెడ పొర పాడయ్యే జబ్బు. అందుల నెల్-1 అనే ప్రొటీన్ కనపడే రకం. కేరళల మలప్పురం జిల్లా కొట్టక్కల్‌ల 2021 నుంచి 2023 దాకా ఇసొంటి కిడ్నీ జబ్బుతోని వచ్చిన 22 మందిని అక్కడి డాక్టర్లు పరిశీలిస్తే, 15 మందిది ఈ నెల్-1 రకమే. ఆ 15 మందిల 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినోళ్లు. అది తెలుసు గనుకనే ఈమె ముందుగాల ముఖం సంగతి అడిగింది. అడగకపోతే? మేం ఉప్పు తగ్గించుకుంట, ఆ పిల్ల రోజూ రాత్రి క్రీము రాసుకుంట...

ఇంట్ల అందరికీ పరీక్షలు చేయించుమన్నది. ఒకే తువ్వాల, ఒకే దిండు వాడితే పక్కోళ్లకు గూడ అంటుతదట, పసిపిల్లలకైతే ఇంకా ప్రమాదమట. దేవుని దయ, అక్కకు, పిలగానికి ఏం లేదు. డబ్బాను చెత్తల పారెయ్యకుండ కవర్ల మూటగట్టి దవాఖానల ఇచ్చినం. కాటుక లాంటి కంటి సామాను తప్ప వేరే ఏ సౌందర్య సామానుల గూడ పది లక్షల భాగాలకు ఒక భాగాన్ని మించి పాదరసం ఉండొద్దని మన దేశంల 2020 నుంచి రూలే ఉన్నది. ఇసొంటి దొంగ క్రీములల్ల వేల భాగాలుంటయి.

కోపమొస్తున్నదే. ఆ పిల్ల ఎందుకు రాసుకున్నది? చూడవచ్చినోళ్లు గుమ్మం దాటకముందే "పిల్ల మంచిదే, జర ఛాయ తక్కువ" అన్నరు. అది విన్నది. మన అవ్వ ఛాయ, మన పొలాలల్ల పని చేసినోళ్లందరి ఛాయ. ఆ ఛాయనే మనల్ని ఈ ఎండలకు కాపాడుతది. దాన్ని తక్కువ అని ఎవడన్నడు? ఆ సంబంధం ఏమైందంటవా... అది కలిసినప్పుడు చెప్తా.

క్రీము ఆపినం. ప్రొటీన్ పోవుడు తగ్గనీకి గోలీలిచ్చిండ్రు. ఆపితే చాలామందికి నెలలల్ల నయమైతదట. చిన్నికి నెలనెలా తగ్గుతున్నది. కాళ్ల వాపు పోయింది, మళ్ల పట్టీలు పెట్టుకున్నది!

ఇగ నీ దగ్గరికి వస్తున్న. రెండో కాన్పు తర్వాత నీకు మంగు వచ్చిందని, భీవండిల మందుల దుకాణపాయన ఇచ్చిన ట్యూబు రాస్తున్ననని ఎండాకాలం చెప్పినవ్. ఎండల నిలబడితే ముఖం మండుతదని, గదువ మీద వెంట్రుకలొస్తున్నయని నవ్వుకుంట అన్నవ్. ఆ మాట అప్పటిసంది నా చెవులల్ల తిరుగుతనే ఉన్నది. ట్యూబు మీద చూడు. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ ఇండ్ల ఏ పేరున్నా అది స్టెరాయిడ్. రోజుల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలుతయి, మొటిమలొస్తయి, నూగు పెరుగుతది. తామర ఉంటే దాన్ని దాచి ఇంకా పాకిస్తది. ఇసొంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దని 2018లనే చెప్పినా అమ్ముతనే ఉన్నరు. హైడ్రోక్వినోన్ అని గూడ ఉంటే, అది మచ్చల రంగు తగ్గించే మందు, డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలె. ఏండ్లకేండ్లు రాస్తే మచ్చ పోవుడు కాదు, నీలి నలుపు తేలుతది, అది పోవుడు కష్టం.

కానీ సరూ, జాగ్రత్తగ విను. స్టెరాయిడ్ అయితే నీ అంతల నువ్వు ఒక్కసారి బంద్ చెయ్యకు. ఒక్కసారి ఆపితే మంట, ఎరుపు ఎగదన్నుతయి. అప్పుడు భరించలేక మళ్ల రాస్తవ్. చర్మం డాక్టర్ దగ్గరికి పో, మెల్లగ తగ్గిస్తరు. మంగుకు వేరే దారులున్నయి. అన్నిటికన్న ముందు ఎండ నుంచి కాపాడుకునుడు. ఎస్పీఎఫ్ 30కి తక్కువ గాని సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడుగంత తీసి ముఖానికి మెడకు రాయి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ల. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగుదైతే మంగుకు ఇంకా మంచిదట. పైన గొడుగు, చున్నీ. మందుల అజెలాయిక్ యాసిడ్, నియాసినమైడ్ ఉన్నయి, అజెలాయిక్ గర్భంతోని ఉన్నోళ్లకు గూడ ఇస్తరు. నెలలు పడతది, ఓపిక పట్టు. నిమ్మకాయ మాత్రం రుద్దకు, అది రాసి ఎండలకు పోతే బొబ్బలెక్కుతది. పిల్లలు కాకుండ గోలీలు వేసుకుంటున్నవా? వాటితోని గూడ మంగు వస్తది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పు.

ఇంకోటి, మీ చిన్నదాని మెడ నల్లగైందని రుద్దుతున్నవట. అది మురికి కాకపోవచ్చు. ఒంట్ల ఇన్సులిన్ సరిగ పనిచెయ్యకపోయినా మెడ మడతలల్ల అట్ల నలుపొస్తది. రుద్దుడు ఆపి ఒకసారి షుగర్ పరీక్ష చేయించు, బరువు గూడ చూపించు. ఆ పిల్లను ఎవ్వరూ ఏమీ అనకుండ నువ్వే...

బాబాయి బస్సు టైమైంది, గుమ్మంల నిలబడి ఉత్తరం అడుగుతున్నడు. ట్యూబు రెండు దిక్కులా ఫొటో తీసి ఇయ్యాల్నే పంపు, డాక్టరమ్మకు చూపిస్తా. చిరునామా ఆయనకు మళ్ల

నీ విజ్జి