గది మధ్యలో సరిహద్దు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. తిట్టు, పడతాను. ఉద్యోగం బాగానే ఉంది, గది మారాను, వంట ఇంకా రాలేదు. ఇక అసలు సంగతి.

హాస్టల్ గదిలో నువ్వు సుద్దముక్కతో గీసిన గీత గుర్తుందా? నా బక్కెట్ దాన్ని దాటిందని రెండు రోజులు మాట్లాడలేదు కదా! రాజులు నీకన్నా ఘనులురా. నిన్న ఫ్రాన్స్ సరిహద్దు ఊరు ఆందాయ్ వెళ్లి, బిదసోవా నదిలో ఉన్న ఫెజంట్ దీవిని ఒడ్డు నుంచి చూశాను. చెట్లు, ఒక రాతి స్తంభం, అంతే. అటు స్పెయిన్, ఇటు ఫ్రాన్స్. 1635 నుంచి కొట్టుకుంటున్న ఈ రెండూ 1659లో సంధి మాట్లాడుకున్నది అక్కడే. ఒకరి గడప మరొకరు తొక్కితే పరువు తక్కువ! అందుకని ఎవరి వంతెన వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. చర్చల కోసం కట్టిన గది మధ్యలోంచే సరిహద్దు పోయేది. ఫ్రాన్స్ తరఫున కార్డినల్ మజారిన్, స్పెయిన్ తరఫున దోన్ లూయిస్ దె హారో. ఎవరి దేశంలో వాళ్లు కుర్చీ వేసుకుని, ఎదురుబొదురుగా ఆగస్టు నుంచి నవంబరు 7 దాకా బేరమాడారు. ఇప్పటికీ ఆ దీవి ఆరు నెలలు వీళ్లది, ఆరు నెలలు వాళ్లది. మన ఫ్యాను కింది మంచం లాగే!

సంధికి ముడి, పెళ్లి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కూతురు మరియా తెరేసా. వరస విను: అతని తల్లి ఆన్ ఈమెకు మేనత్త, ఈమె తల్లి అతనికి మేనత్త. 1615 నాటి కుండమార్పిడి ఫలితం. అప్పుడు ఇద్దరు ఆడపిల్లలనూ మార్చుకున్నదీ ఈ నది మీదే. మీ బామ్మకు చెప్పు, మురిసిపోతుంది. కట్నం 5,00,000 ఎక్యూలు, అంటే ఫ్రాన్స్ బంగారు నాణేలు. ముట్టనే లేదు. 1667లో మళ్లీ యుద్ధానికి అదీ ఒక వంక.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత, 1660 జూన్‌లో ఆన్, ఫిలిప్ ఈ దీవిలో కలిశారని చదివాను. అక్కాతమ్ముళ్లు. 45 ఏళ్ల తర్వాత. అందులో 24 ఏళ్లు పుట్టింటికీ మెట్టినింటికీ యుద్ధమే. మా అక్కతో పొలం గొడవ నీకు తెలుసుగా. రాత్రి ఫోను తీశాను, మళ్లీ... సరే, వదిలెయ్.

ఇంకో తమాషా. ఆ సంధి ప్రకారం కొండల్లో 33 గ్రామాలు ఫ్రాన్స్‌కు పోయాయి. లివియా దగ్గరికి వచ్చేసరికి స్పెయిన్ వాళ్లు ‘అది గ్రామం కాదు, పట్టణం’ అన్నారు! నేటికీ చుట్టూ ఫ్రాన్స్, మధ్యలో ఆ ఒక్క ఊరూ స్పెయిన్. అచ్చం నీ ‘బక్కెట్ సామాను కిందికి రాదు’ వాదన... అయ్యో, బస్సు వచ్చేసింది. స్టాంపు కూడా

నీ,
గీత దాటినవాడు