కంపెనీ దావా ఫైళ్లు ఇచ్చే మా క్లయింట్లకు

కంపెనీల తరఫున దావా కాగితాలు సిద్ధం చేసి మీ లాయరుగారికి అందించడం మా పని. ఇకపై సమన్లు అందిన 15 రోజుల్లోపు చేరిన ఫైళ్లే తీసుకుంటాం. కొందరికి కోపం వస్తుందని తెలుసు.

వ్యాపార వివాదం విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే అది కమర్షియల్ కోర్టు దావా. రిటన్ స్టేట్‌మెంట్‌కు, అంటే దావాకు ప్రతివాది రాసి ఇచ్చే జవాబుకు, సమన్లు అందినప్పటి నుంచి 30 రోజులు. కారణం చూపి, కోర్టు చెప్పిన ఖర్చులు కడితే 120 వరకు లాగొచ్చు. 121వ రోజున జడ్జిగారు జాలిపడినా చేయగలిగింది లేదు. పైగా సమన్లు డైరెక్టరు చేతికే ఇవ్వాలని లేదు. సివిల్ దావాల పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 29 ప్రకారం రిజిస్టర్డ్ ఆఫీసులో వదిలి వెళ్లినా చాలు. ఆఫీసు మార్చి, రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌లో చిరునామా మార్పించకపోతే కాగితాలు పాత చోటికే పోతాయి. 'మాకు అందలేదు' అనే వాదన అప్పుడు నిలవడం కష్టం. కవరు పారేయకండి, దాని మీద అందిన తేదీ వేయండి.

ఎక్కువ ఫైళ్లు ఆగేది దావా కాగితాల మీద సంతకం దగ్గర. అదే ఆర్డర్ ప్రకారం సెక్రటరీ, డైరెక్టర్, లేదా విషయం తెలిసి సాక్ష్యం చెప్పగల ముఖ్య అధికారి సంతకం పెట్టాలి. బ్రాంచి మేనేజరు పెడితే బోర్డు తీర్మానం జత చేయండి. అందులో ఆయన పేరు ఉండాలి; సంతకం పెట్టే, వెరిఫికేషన్ (రాసింది నిజమని ధ్రువీకరణ) ఇచ్చే, సాక్ష్యం చెప్పే, వకాలత్ (లాయరును నియమించే పత్రం) ఇచ్చే అధికారాలు విడివిడిగా ఉండాలి. తేదీ సంతకానికి ముందుదై ఉండాలి. తీర్మానం లేకపోయినా తర్వాత ఆమోదించవచ్చని 1996లో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కానీ దాన్ని నమ్ముకుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, సగం పొద్దు అక్కడే గడుస్తుంది. సంతకం పెట్టినాయన్ని కోర్టు స్వయంగా రమ్మనవచ్చు, కాబట్టి విషయం తెలిసినవారినే ఎంచండి.

కమర్షియల్ దావా వేసేది మీరైతే, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు అడగనప్పుడు ముందు మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ ప్రయత్నం) తప్పదు. మూడు నెలలు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో రెండు. అది దాటేసి వేసిన ప్లెయింటును (దావా పత్రాన్ని) తిరస్కరించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. మీడియేషన్‌లో గడిచిన కాలం దావా వేయడానికున్న కాలపరిమితి లెక్కలోకి రాదు.

వాట్సాప్ సందేశాల ప్రింటు ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కంప్యూటర్ గుర్తు), రెండో భాగంలో నిపుణుడి సంతకం కావాలి. ఫోన్ మార్చేముందే చేయించండి. మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితాలూ కోర్టుకిచ్చే జాబితాలో చూపాలి. వాటిని దాచమంటే మేం ఫైలు తిరిగి ఇచ్చేస్తాం.

ఫీజు మారలేదు.