కోతకు డబ్బుంది, కోలుకోవడానికి లేదు: మహారాష్ట్ర ఆరోగ్య మంత్రికి సిరొంచ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య మంత్రిగారికి,

నమస్కారం. ఈ లేఖ మరాఠీ ప్రతి మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. తెలుగు ప్రతి మా వాళ్ళ కోసం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, గడ్చిరోలి జిల్లా చిట్టచివర, బడిలో మరాఠీ చదివి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం మేము. నేను పీటీ మాస్టర్ని. తెల్లవారుజామున పోలీస్ భర్తీకి పిల్లల్ని పరిగెత్తిస్తాను, సాయంత్రం కబడ్డీ ఆడిస్తాను.

భర్తీ సంగతి మీకు తెలిసిందే. మైదానంలో 50 మార్కులు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800, ఇద్దరికీ 100 మీటర్ల పరుగు, గోళాఫేక్, అంటే ఇనుప గుండు విసరడం. మా తాలూకాలో ఫ్యాక్టరీ లేదు, కంపెనీ లేదు. పత్తి చేనుకూ సర్కారు జీతానికీ మధ్య చాలా ఇళ్ళకు కనబడే దారి ఈ మైదానం ఒక్కటే. అందుకే ఇక్కడ మోకాలు బెణికితే ఆటొక్కటే ఆగదు, ఇల్లు ఆగుతుంది.

పోయిన మార్గశిరంలో, ఇంకా మంచు విడవని పొద్దున, మా పిల్ల ఒకతె వంద మీటర్లు పరిగెత్తి ఆగబోతూ పక్కకు తిరిగింది. కాలు నేలకు అంటుకున్నట్టు నిలిచిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. పడిపోయింది. "సార్, లోపల టప్ మన్నది" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే అంత భయపడేవాణ్ణి కాను. రెండు గంటలు తిరక్కుండా మోకాలు కుండలా ఉబ్బింది.

టప్‌మన్న చప్పుడు, ఆ వెంటనే ఉబ్బడం. ఈ రెండూ కలిస్తే ముందు అనుమానించాల్సింది మోకాలి లోపలి ముందరి లిగమెంట్‌ను, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే నారను. అది తెగితే రక్తం కీల్లో చేరి అంత త్వరగా ఉబ్బుతుంది. దాన్ని పట్టుకోవడానికి మొదటి రోజే పెద్ద మిషన్లు అక్కర్లేదు. మోకాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్కను ముందుకు లాగి చూస్తారు. అర నిమిషం పని. వాపు, నొప్పి ఎక్కువుంటే నాలుగు రోజులాగి మళ్ళీ చూడాలి. కానీ చూడటం తెలిసిన చేయి ఉండాలి.

మేం వెళ్ళిన చోట ఆ చేయి లేదు. ఎక్స్‌రే తీశారు. "ఎముక మంచిగనే ఉన్నది, పట్టీ కట్టుకో" అని నొప్పి గోలీలిచ్చి పంపారు. నిజమే, ఎముక మంచిగనే ఉంది. లిగమెంట్ ఎక్స్‌రేలో కనబడదు కదా! వాళ్ళమ్మ పసరు కట్టు కట్టించింది. ఆమెను తప్పుపట్టను, ఆమెకు దొరికిన వైద్యం అదే. మూడు వారాలకు వాపు దిగింది, పిల్ల మళ్ళీ గ్రౌండుకొచ్చింది, నేను కూడా పరిగెత్తమన్నాను. ఆ తప్పు నాది. రెండో రౌండులో మోకాలు జారి మళ్ళీ పడింది. అలా జారిన ప్రతిసారీ లోపలున్న మెత్తటి దిండు లాంటిది, అదే మెనిస్కస్, నలిగి చిరుగుతుందని నాకప్పటికి తెలియదు.

జిల్లా కేంద్రం గడ్చిరోలి మాకు 200 కిలోమీటర్లకు పైనే. అందులో అల్లాపల్లి దాకా సుమారు వంద కిలోమీటర్లు అడవి దారి. ఆ రోడ్డు గురించి రాయడం మొదలుపెడితే ఈ లేఖ మీ శాఖకు కాదు, ఇంకో శాఖకు పోతుంది. వంతెన దాటితే కాళేశ్వరం, కాటారం, భూపాలపల్లి, పరకాల, ఆ మీద వరంగల్. చాలా దగ్గర. 2016 చివర్లో గోదావరి మీద వంతెన తెరిచాక మా రోగాలన్నీ అటే నడుస్తున్నాయి. చుట్టాలూ అక్కడే, మాటా కలుస్తుంది. ఎమ్మారై అక్కడే తీయించాం. కౌంటర్లో కార్డు పెడితే "మీది ఆ పక్క కార్డు గదా, ఇక్కడ నడవది" అన్నారు. ఆయుష్మాన్ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుందని గోడ మీద రాసి ఉంది. గోడకూ కౌంటరుకూ మధ్య నాలుగడుగుల దూరం. పిల్ల చెవి కమ్మలు కుదువపెట్టి బిల్లు కట్టారు.

మీ శాఖకు దక్కాల్సిన మాట కూడా చెబుతాను. ఆపరేషన్ నాగ్‌పూర్‌లో మహాత్మా జ్యోతిబా ఫులే జన ఆరోగ్య యోజన కింద జరిగింది. పైసా తీసుకోలేదు, మంచి డాక్టరు, మంచి మనిషి. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఇచ్చే పథకం మా ఇళ్ళలో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నాకు తెలుసు.

చిక్కంతా ఆ తర్వాతే. పథకం డిశ్చార్జి అయిన 10 రోజుల దాకా వెంట ఉంటుంది. ఈ గాయం కోలుకోవడానికి కనీసం 9 నెలలు పడుతుంది. అంతకు ముందే మైదానంలో దిగితే మళ్ళీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. నెలలు గడిస్తేనే చాలదు, దెబ్బతిన్న కాలి తొడ కండకు రెండో కాలి బలంలో కనీసం 90 శాతం రావాలి. మొదటి వారాల్లో మోకాలు పూర్తిగా చాచడం రావాలి, తర్వాత ఒంటి కాలి మీద నిలబడటం, ఆ తర్వాత గెంతడం, గెంతి దిగడం. ఇదంతా ఫిజియోథెరపిస్టు పక్కనుండి చూసి, సరిదిద్ది, ఇవాళ ఇంత, రేపు ఇంత అని పెంచుకుంటూ పోవాల్సిన పని. కత్తి పెట్టేది గంటన్నర. కాలు తిరిగొచ్చేది ఈ తొమ్మిది నెలల్లో. మీ పథకంలో గంటన్నరకు డబ్బుంది, తొమ్మిది నెలలకు లేదు.

మా పిల్ల చేతికి ఇంగ్లీషులో బొమ్మలున్న రెండు కాగితాలిచ్చి పంపారు. అవి వాళ్ళింట్లో బియ్యం డబ్బా పైన గోడకు అతికించి ఉన్నాయి. పాత సైకిల్ ట్యూబు మంచం కోడుకు కట్టి కాలు లాగుతుంది. రెండు కిలోల బియ్యం సంచి చీలమండకు కట్టుకుని కాలెత్తుతుంది. నేను పదిహేను రోజులకోసారి వెళ్ళి, దర్జీ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో మోకాలి చిప్పకు పది సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలుస్తాను. మొదటిసారి మూడు సెంటీమీటర్ల తేడా ఉంది. ఇప్పుడు ఒకటిన్నర. ఇది బలమా, వాపా, కొవ్వా అని చెప్పడం నా చదువులో లేదు. నాగ్‌పూర్ పోయి అడగాలంటే రానూపోనూ రెండు రోజులు, ఇద్దరి కూలి.

అదే ఆటలో మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఈ లిగమెంట్ తెగే ప్రమాదం రెండింతలకు పైనే. ఆడపిల్లల్ని ఆటల్లోకి రమ్మని పోస్టర్లేసే ప్రభుత్వానికి ఈ లెక్క తెలిసి ఉండాలి. మా వంతు మేమూ చేస్తున్నాం. ఫుట్‌బాల్ పిల్లల కోసం తయారుచేసిన ఫిఫా 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఉంది. దాన్ని నార్వేలో ఆడపిల్లల జట్ల మీద పరీక్షిస్తే దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2008లో ప్రచురించారు. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి ముడుచుకోకుండా దిగడం అందులో ముఖ్యం. దాన్నే కబడ్డీకి మార్చుకుని ఈ ఏడు నుంచి చేయిస్తున్నాను. పిల్లలు దానికి 'కప్పగంతుల క్లాసు' అని పేరు పెట్టారు.

నేనడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. శంకుస్థాపన రాళ్ళు మా తాలూకాలో సరిపడా ఉన్నాయి. వారానికి రెండు రోజులు సిరొంచలో కూర్చునే ఒక ఫిజియోథెరపిస్టు కావాలి, తెలుగు అర్థమయ్యేవాళ్ళయితే మరీ మంచిది. ఒక గది, ఒక బల్ల, నాలుగు రబ్బరు పట్టీలు చాలు. వాళ్ళు మా పిల్లలకే కాదు, పక్షవాతం వచ్చిన ముసలాయనకూ, తునికాకు మోపులు మోసి నడుం పట్టేసిన ఆడవాళ్ళకూ పనికొస్తారు. లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్ళకు జన ఆరోగ్య యోజనలో ఆ 10 రోజుల గీత చెరిపి, ఫిజియోథెరపీకి 9 నెలల దాకా ఇన్ని సిట్టింగులని డబ్బు కట్టండి. తెగిన లిగమెంట్‌కు మళ్ళీ ఆపరేషన్ చేయించడం కంటే మీకూ అదే చవక.

ఇక నది సంగతి. కర్ణాటక సరిహద్దులో ఉన్న 865 గ్రామాల మరాఠీవాళ్ళకు ఈ యోజన వర్తింపజేయాలని 2023లో మీ ప్రభుత్వమే నిర్ణయించింది. మంచి పని. పక్క రాష్ట్రంలో ఉన్న మనవాళ్ళ కోసం గీత దాటగలిగినప్పుడు, సొంత రాష్ట్రంలో ఉండి పక్క రాష్ట్రం ఆసుపత్రికి పోక తప్పని మా కోసమూ దాటొచ్చు కదా. వరంగల్‌లో ఒకటి, మంచిర్యాలలో ఒకటి, రెండు ఆసుపత్రుల్ని జాబితాలో కలపండి. కౌంటర్లో కూర్చున్న మనిషికి అర్థమయ్యేలా ఒక కాగితం పంపండి.

మా పిల్లకు ఇంకా వయసుంది. వచ్చే భర్తీకి అందుకోలేకపోయినా ఆ పై భర్తీకి వెళ్తానంటోంది. నిన్న నన్నడిగింది, "సార్, ఉరకొచ్చా?" అని. "ఇంకో నెల ఆగుదాం" అన్నాను. ఆ నెల ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పానో నాకే తెలియదు. ఆ జవాబు చెప్పాల్సిన మనిషిని పంపించండి.

ఇట్లు,
ఒక పీటీ మాస్టర్,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా