టైఫాయిడ్ టీకా మన పిల్లలకు ఉచితంగా ఎప్పుడు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను వరంగల్ జిల్లాలో ప్రభుత్వ బడి టీచర్ని. వానలు పడ్డ నెల తిరక్కముందే మా హాజరు పట్టీలో ఖాళీలు మొదలవుతాయి. ఈసారి ఐదో తరగతి పిల్లాడు మూడు వారాలు బడికి రాలేదు. మొదట ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, తర్వాత టైఫాయిడ్ ఉందేమోనని చేసే వైడల్ రక్తపరీక్ష, జ్వరం తగ్గకపోయేసరికి టౌన్‌లో సెలైన్లు. కలుపు కూలి దొరికే రోజులన్నీ వాళ్లమ్మ ఆస్పత్రి బెంచీ మీదే గడిపింది.

నాకు కోపం తెప్పించేది ఏమిటంటే, ఈ జబ్బుకు మంచి టీకా మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది. భారత్ బయోటెక్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చి ఏళ్లు గడిచాయి, బయలాజికల్ ఇ అనే మరో హైదరాబాద్ కంపెనీ టీకాకు 2020లో వచ్చింది. పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రంలోనూ హైదరాబాద్ అనే ఊరుంది. 2016లో అక్కడ మొదలైన టైఫాయిడ్‌కు మామూలుగా ఇచ్చే మందుల్లో చాలావరకు పనిచేయలేదు, నోటితో వేసుకునేవాటిలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. దాంతో 2019లో ఆ దేశం లక్షలాది పిల్లలకు ఈ టీకా ఉచితంగా వేసింది, పిల్లలకు మామూలుగా వేసే టీకాల్లోనూ చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. వాళ్లు వాడింది మన హైదరాబాద్‌లో తయారైన టీకా! అక్కడి పిల్లలకు అందినందుకు నిజంగా సంతోషమే, మరి మా బడి పిల్లల సంగతేంటి?

ఈ టీకా ఎలా పనిచేస్తుందో తల్లిదండ్రులకు తెలిస్తే వాళ్లే అడుగుతారని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి మీద చక్కెర అణువుల గొలుసులతో అల్లిన ఒక పొర ఉంటుంది, దాన్ని 'విఐ' పొర అంటారు. ఆ ముసుగులో అది మన రక్షణ కణాల కళ్లుగప్పి పేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది. ఆ చక్కెరనే శుద్ధి చేసి టీకాగా ఇస్తే పెద్దవాళ్లలో కొంత రక్షణ వస్తుంది గానీ రెండేళ్ల లోపు పిల్లల ఒంటికి ఒట్టి చక్కెర శత్రువులా కనిపించదు, ఒకవేళ గుర్తించినా ఆ జ్ఞాపకం నిలవదు. అందుకని శాస్త్రవేత్తలు ఆ చక్కెరను హాని చేయని ఒక ప్రొటీన్‌కు, అంటే ధనుర్వాతం టీకాలో వాడేలాంటిదానికి, అతికించారు. ప్రొటీన్‌ను చూడగానే శరీరం మేలుకుంటుంది, దానితో పాటు చక్కెరనూ గుర్తుపెట్టుకుంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒక్క డోసు చాలు. నేపాల్, మలావీల్లో జరిగిన పరీక్షల్లో సుమారు 80 శాతం రక్షణ కనిపించింది.

ఇదేమీ మనకు కొత్త పద్ధతి కాదు. మన ఆశా కార్యకర్తలు దగ్గరుండి వేయించే, ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో హిబ్ అనే బ్యాక్టీరియాను ఆపే భాగమూ, న్యుమోనియాకు వేసే పీసీవీ కూడా ఇలా చక్కెరను ప్రొటీన్‌కు అతికించి చేసినవే, అవి ఉచితంగానే వేస్తున్నాం కదా. టైఫాయిడ్ టీకాను కూడా చేర్చమని జాతీయ టీకాల సలహా బృందం 2022లోనే సిఫారసు చేసింది. అయినా దేశమంతటా ఉచితంగా వేయడం మొదలుకాలేదు. ప్రైవేటులో మా పాపకు వేయించినప్పుడు నాకు దాదాపు రెండు వేలయింది. నెల జీతం వచ్చేదాన్ని కాబట్టి కట్టగలిగాను.

నీళ్లు బాగుచేస్తే చాలు కదా అని మా హెడ్‌మాస్టర్ గారు అంటారు. నీళ్లు బాగుచేయాల్సిందే, మురుగు కాలువ పక్కనే తాగునీటి పైపు పోతున్న వీధులు మా ఊళ్లోనే ఉన్నాయి. పైగా ఈ టీకా పారాటైఫాయిడ్‌ను ఆపలేదు, ఆ బ్యాక్టీరియాకు విఐ పొరే ఉండదు. కానీ పైపులు మార్చడానికి పదేళ్లు పడితే ఆ పదేళ్లూ ఈ పిల్లలు ఏం తాగాలి?

ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. 2018లో నవీ ముంబై కార్పొరేషన్ తన సొంతంగా లక్ష మందికి పైగా పిల్లలకు ఈ టీకా వేయించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ టైఫాయిడ్ కేసులు ఎక్కువగా వచ్చే మున్సిపాలిటీలు ఒకటో రెండో ఎంచుకుని, తొమ్మిది నెలలకు వేసే మీజిల్స్-రూబెల్లా టీకాతో పాటే దీన్నీ వేయించాలి, బడి పిల్లలకు బడిలోనే ఒక్కసారి క్యాంపు పెట్టాలి. మా బడిలో క్యాంపు పెడతామంటే గది ఖాళీ చేసి ఇస్తాం, ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల్ని నేనే పిలుచుకొస్తాను. వచ్చే వానాకాలం లోపు ఈ పని మొదలుపెట్టమని రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— ఒక ఉపాధ్యాయురాలు, వరంగల్ జిల్లా